03/04/2024 ఏ నెల? రెండు ఫైళ్ల తేదీలను కలిపి పోల్చేటప్పుడు వస్తున్న తప్పులు

తోకచుక్క (ప్రశ్న)

పైథాన్ 3.11 వాడుతున్నాను. రెండు చోట్ల నుంచి లాగ్ ఫైళ్లు వస్తాయి, వాటిని కాలక్రమంలో ఒకే వరుసగా పేర్చాలి.

మొదటిది సీఎస్‌వీ. అందులో తేదీ 03/04/2024 03:15 పీఎం అని ఉంటుంది. రోజు ముందు, నెల తర్వాత, అంటే ఇది ఏప్రిల్ 3. ఆ మెషీన్ గడియారం న్యూయార్క్ టైమ్‌లో నడుస్తుంది గానీ ఆ సంగతి ఫైల్లో ఎక్కడా రాయదు. రెండోది ఐఎస్ఓ రూపం: 2024-04-03, మధ్యలో టీ, తర్వాత 19:40:00, చివర జెడ్. అంటే యూటీసీ (ప్రపంచమంతటికీ ఉమ్మడి ప్రామాణిక సమయం).

రెండింటినీ డేట్‌యుటిల్ (తేదీల రూపం ఊహించి చదివే పైథాన్ లైబ్రరీ) పార్స్‌కి అప్పగించాను. తేడా కొడుతున్న చోట్లు ఇవి:

1. మొదటి ఫైల్లో 1 నుంచి 12 తేదీల వరకు రికార్డులు వేరే నెలల్లోకి వెళ్లిపోయాయి. 13 నుంచి సరిగ్గానే ఉన్నాయి.
2. డేఫస్ట్ ట్రూ (రోజు ముందుందని చెప్పే గుర్తు) పెడితే మొదటి ఫైల్ కుదిరింది, బాగున్న రెండో ఫైల్ చెడింది.
3. పోల్చబోతే టైప్‌ఎర్రర్. రీప్లేస్‌తో జోన్ తీసేస్తే ఎర్రర్ పోయింది, కానీ రెండు ఫైళ్ల మధ్య ఒకచోట నాలుగు గంటలు, ఒకచోట ఐదు గంటలు తేడా.
4. రూపం మనమే చెప్పి చదివించే స్ట్ర్‌పీటైమ్‌కి మారాను. మధ్యాహ్నం 03:15 కాస్తా తెల్లవారుజాము 03:15 అయింది.
5. డేటాబేస్‌లో నెలవారీ లెక్క తీస్తే ఏప్రిల్ 30 నాటివి దాదాపు ఏవీ రావడం లేదు.

ఎక్కడ మొదలుపెట్టాలి?

---

నల్లబల్ల

మీ 1, 2, 4 మూడూ పార్సింగ్ దగ్గరివే. ముందు అవి చూద్దాం.

డేట్‌యుటిల్ పార్స్ ఊహిస్తుంది. మీరు ఏమీ చెప్పకపోతే నెల ముందు ఉందనుకుంటుంది. 03/04 ఇస్తే మార్చి 4. కానీ 13/04 ఇస్తే 13వ నెల లేదు కాబట్టి, కిక్కురుమనకుండా రోజునీ నెలనీ తారుమారు చేసి ఏప్రిల్ 13 అంటుంది. అందుకే ఒకే కాలమ్‌లో సగం ఒకలా, సగం ఇంకోలా వచ్చాయి. ఎర్రర్ ఇచ్చి ఆగిపోయినా బాగుండేది. 03/03 లాంటివి ఎటు చదివినా ఒకటే కాబట్టి వాటిని చూసి సరిపోయిందనుకోవద్దు.

డేఫస్ట్ ట్రూ పెట్టినప్పుడు రెండో ఫైల్ ఎందుకు చెడిందంటే, ఆ గుర్తు ఏడాది ముందున్న తేదీలకూ వర్తిస్తుంది. 2024-04-03ని అది ఏడాది, రోజు, నెల అని చదివి మార్చి 4 చేసేస్తుంది. ఐఎస్ఓ తేదీని ఈ గుర్తుతో ఎప్పుడూ పంపకండి.

ఇంకోటి కూడా ఉంది. డేట్‌యుటిల్‌కి తేదీలో ఏదైనా భాగం దొరక్కపోతే ఇవాళ్టి తేదీ నుంచి తెచ్చి నింపుతుంది. ఉత్త 10:30 ఇస్తే ఇవాళ 10:30. "ఏప్రిల్ 2024" అని మాత్రమే ఇస్తే ఇవాళ ఎన్నో తేదీ అయితే ఏప్రిల్‌లో ఆ తేదీ. ఒకే ఫైల్‌ని నిన్న ఒక ఫలితంతో, ఇవాళ ఇంకో ఫలితంతో చదువుతుందన్నమాట. మనిషి టైప్ చేసిన గళ్లకి అది పనికొస్తుందేమో గానీ, మెషీన్ రాసిన ఫైల్‌కి రూపం ముందే తెలుసు కదా, ఊహ ఎందుకు?

కాబట్టి ఒక్కో ఫైల్‌కి ఒక్కో పార్సర్ పెట్టండి. రెండో ఫైల్‌కి ఫ్రమ్‌ఐఎస్ఓఫార్మాట్ చాలు. ఆ ఫంక్షన్ 3.7 నుంచీ ఉంది, కానీ చివర జెడ్‌ని ఒప్పుకోవడం 3.11లో మొదలైంది. అదే కోడ్ పాత వెర్షన్ మెషీన్ మీద నడిస్తే వాల్యూఎర్రర్ వస్తుంది, గుర్తుంచుకోండి.

మొదటి ఫైల్‌కి స్ట్ర్‌పీటైమ్. ఫార్మాట్ అక్షరాలను ఇక్కడ పలికినట్టే రాస్తున్నాను, ఒక్కోదాని ముందు పర్సెంట్ గుర్తు ఉందనుకోండి. రోజుకి చిన్న డీ, నెలకి చిన్న ఎం, నాలుగంకెల ఏడాదికి పెద్ద వై. గంటకి పెద్ద ఐ, నిమిషాలకి పెద్ద ఎం, ఏఎం/పీఎంకి చిన్న పీ.

మీ నాలుగో తప్పు గంట అక్షరం దగ్గరే జరిగి ఉంటుంది. మీరు గంటకి పెద్ద హెచ్ వాడారా? అది 24 గంటల గడియారం. పెద్ద హెచ్ పక్కన చిన్న పీ పెడితే, పార్సర్ పీఎం అన్న అక్షరాలను చదువుతుంది, పోలిందని ఒప్పుకుంటుంది, ఆ తర్వాత వాటిని పట్టించుకోదు. చిన్న పీకి విలువ ఉండేది పెద్ద ఐ తోడున్నప్పుడే. ఇది డాక్యుమెంటేషన్‌లో చిన్న అక్షరాల్లో ఉన్న విషయం. ఎర్రర్ రాదు కాబట్టి ఎవరూ అటు చూడరు.

స్ట్ర్‌పీటైమ్‌లో పీ అంటే పార్స్, స్ట్ర్‌ఎఫ్‌టైమ్‌లో ఎఫ్ అంటే ఫార్మాట్. ఏది ఏదో మర్చిపోయేవాళ్లకి ఇది గుర్తు.

పార్సర్ రాసే ముందు కాలమ్‌ని ఒకసారి కొలిచి చూడండి. మొదటి స్లాష్ ముందున్న అంకెల్లో 12 దాటినవెన్ని, రెండో గడిలో 12 దాటినవెన్ని? మొదటి గడిలో మాత్రమే దాటితే రోజు ముందున్నట్టు. రెండో గడిలో మాత్రమే దాటితే నెల ముందున్నట్టు. రెండింట్లోనూ దాటినవి ఉంటే ఆ ఫైల్ ఇప్పటికే కలగాపులగం అయింది, ఏ ఫార్మాట్ స్ట్రింగూ దాన్ని కాపాడలేదు, మూలానికి వెళ్లాల్సిందే. రెండింట్లోనూ ఏదీ దాటకపోతే డేటా చూసి తేల్చలేం, ఫైల్ రాసినవాళ్లని అడగాలి.

పాండాస్ (పైథాన్‌లో పట్టికల లైబ్రరీ) వాడేవాళ్లకి ఒక మాట: వెర్షన్ 2.0 నుంచి టు_డేట్‌టైమ్ మొదటి విలువ చూసి రూపం తేల్చుకుని, మిగతావన్నీ దానికే సరిపోవాలంటుంది. అంతకుముందు ఒక్కో విలువకి ఒక్కోలా ఊహించేది. ఆ మార్పు మంచిదే. కానీ మొదటి విలువే 03/04 అయితే ఊహ మళ్లీ నెల ముందే. ఫార్మాట్ ఇచ్చేయండి.

---

అరక్షణం

మూడోదానికి నేను చెబుతాను.

పైథాన్ డేట్‌టైమ్‌లు రెండు రకాలు. జోన్ అంటుకున్నది అవేర్, అంటుకోనిది నైవ్. నైవ్ అంటే గోడ గడియారం చూసి రాసుకున్న అంకెలు, అంతే. ఏ ఊరి గోడో తెలీదు. ఈ రెండింటినీ చిన్నది, పెద్దది గుర్తులతో పోలిస్తే టైప్‌ఎర్రర్ వస్తుంది. అది మేలే చేస్తోంది. మీరు రీప్లేస్‌తో టీజెడ్‌ఇన్ఫోని నన్ చేసినప్పుడు న్యూయార్క్ గోడనీ యూటీసీ గోడనీ ఒకటే అనేశారు. న్యూయార్క్ వేసవి టైమ్‌లో యూటీసీకి 4 గంటలు వెనక, శీతాకాలంలో 5 గంటలు వెనక. మీకు కనిపించిన నాలుగూ ఐదూ అవే.

టైప్‌ఎర్రర్ కన్నా ప్రమాదం సమానం గుర్తుతో. నైవ్‌నీ అవేర్‌నీ == తో పోలిస్తే ఎర్రర్ రాదు, ఊరికే ఫాల్స్ వస్తుంది. సెట్‌లో వేసి డూప్లికేట్లు తీసేసినా, డిక్షనరీలో తేదీని కీగా వెతికినా ఏమీ దొరకదు, ఎందుకో తెలీదు. డేట్‌నీ డేట్‌టైమ్‌నీ పోల్చినా ఇదే కథ: చిన్నదా పెద్దదా అంటే ఎర్రర్, సమానమా అంటే ఫాల్స్.

చేయాల్సింది రెండు అడుగులు. పార్స్ చేసిన నైవ్ విలువకి రీప్లేస్‌తోనే, కానీ జోన్‌ఇన్ఫో నుంచి అమెరికా/న్యూయార్క్ జోన్ తీసుకుని అంటించండి. గడియారం అంకెలు మారవు, అవి ఎక్కడివో మాత్రం తెలుస్తుంది. తర్వాత ఏజ్‌టైమ్‌జోన్‌తో యూటీసీకి మార్చండి. ఇప్పుడు అంకెలు మారతాయి, క్షణం మారదు. ఏప్రిల్ 3 మధ్యాహ్నం 03:15 యూటీసీలో 19:15 అవుతుంది. మీ రెండో ఫైల్లోని 19:40 దానికి 25 నిమిషాల తర్వాతది.

మొదటి అడుగు వదిలేసి నైవ్ మీదే ఏజ్‌టైమ్‌జోన్ పిలిస్తే, అది ఆ కోడ్ నడుస్తున్న మెషీన్ జోన్‌ని పట్టుకుంటుంది. మీ ల్యాప్‌టాప్‌లో ఒక ఫలితం, సర్వర్‌లో ఇంకొకటి.

జోన్‌ఇన్ఫో 3.9 నుంచి పైథాన్‌తోనే వస్తుంది. విండోస్‌లో జోన్ల పట్టిక సిస్టమ్‌లో దొరకదు కాబట్టి టీజెడ్‌డేటా ప్యాకేజీ వేరుగా పెట్టుకోవాలి. పాత కోడ్‌లో పైటీజెడ్ ఉంటే దాన్ని టీజెడ్‌ఇన్ఫోగా నేరుగా ఇవ్వకండి. అలా ఇస్తే ప్రామాణిక జోన్లు రాకముందు కాలపు స్థానిక సూర్యమానం తగులుకుంటుంది, న్యూయార్క్‌కి 4 గంటల 56 నిమిషాలు వెనక అని వస్తుంది. మీ లాగుల్లో విచిత్రంగా 4 నిమిషాలో 56 నిమిషాలో తేడా కనిపిస్తే కారణం దాదాపు ఇదే. దానికి లోకలైజ్ అనే పద్ధతి ఉంది, అది వాడాలి.

"ఇప్పుడు" కావాలంటే యూటీసీనౌ వాడొద్దు. పేరులో యూటీసీ ఉన్నా అది ఇచ్చేది నైవ్ విలువ. 3.12లో దాన్ని వాడవద్దని గుర్తు పెట్టేశారు. నౌ ఫంక్షన్‌కి టైమ్‌జోన్ యూటీసీ ఇచ్చి పిలవండి.

పార్స్ చేసిన వెంటనే అన్నీ యూటీసీకి మార్చి అలాగే దాచుకోండి. చూపించేటప్పుడు మాత్రం జోన్‌కి మార్చండి.

---

తోకచుక్క

నల్లబల్ల గారూ, అవును, పెద్ద హెచ్ వాడాను. ఐ పెట్టగానే సరిపోయింది. కాలమ్ కొలిచి చూశాను, రోజు ముందున్నట్టే తేలింది. కానీ ఆ కాలమ్‌లో కొన్ని వరుసల్లో తేదీకి బదులు 45385 లాంటి అంకె ఉంది. ఎవరో మధ్యలో ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేసినట్టున్నారు.

ఇంకో రెండు. నా ఫలితాన్ని తీసుకుని రిపోర్ట్ చేసే జావా ప్రోగ్రామ్ 2024 డిసెంబర్ 30ని 2025 డిసెంబర్ 30 అని అచ్చేస్తోంది, మిగతా ఏడాదంతా సరిగ్గా ఉంది. వెబ్ పేజీలో ఏప్రిల్ 3 ఏప్రిల్ 2గా కనిపిస్తోంది.

---

చిల్లరపద్దు

45385 ఎక్సెల్ రోజుల లెక్క. 1899 డిసెంబర్ 30కి అన్ని రోజులు కలపండి, 2024 ఏప్రిల్ 3 వస్తుంది. ఆధారం 1900 జనవరి 1 కాకుండా రెండు రోజులు వెనక్కి ఎందుకంటే, లెక్క 0 నుంచి కాక 1 నుంచి మొదలవుతుంది, పైగా ఎక్సెల్ 1900ని లీపు ఏడాది అనుకుని లేని ఫిబ్రవరి 29కి 60వ నంబర్ ఇచ్చింది. 1900 మార్చి 1 తర్వాతి తేదీలకి ఈ సూత్రం సరిపోతుంది. భిన్నం ఉంటే అది రోజులో భాగం, 0.5 అంటే మధ్యాహ్నం 12.

1904 నుంచి లెక్కించే వర్క్‌బుక్‌లు కూడా ఉన్నాయి. వాటిలో ఇదే తేదీ 1462 తక్కువగా ఉంటుంది. అంటే నాలుగేళ్లూ ఒక రోజు తేడాతో తేదీలు వస్తే అటు చూడండి.

అసలు భయపడాల్సింది ఈ అంకెలకి కాదు. ఎక్సెల్ వాటిని తేదీగా గుర్తించే ముందు నెల ముందు అనుకుందా, రోజు ముందు అనుకుందా అన్నది ఆ మెషీన్ సెట్టింగ్‌ని బట్టి ఉంటుంది. 03/04 మార్చి 4గా చదివి అంకె చేసేస్తే, మీరు వెనక్కి ఎంత సరిగ్గా మార్చినా మార్చి 4 వస్తుంది. వీలైతే ఎక్సెల్ తాకని అసలు ఫైల్ తెప్పించుకోండి.

---

కుడిబ్రాకెట్

జావాది చూడకుండానే చెప్పొచ్చు: ఫార్మాట్‌లో ఏడాదికి పెద్ద వై నాలుగుసార్లు రాసి ఉంటారు. జావాలో పెద్ద వై అంటే వారం ఏ ఏడాదికి చెందుతుందో ఆ ఏడాది. 2024 డిసెంబర్ 30 సోమవారం, ఐఎస్ఓ లెక్కలో 2025 మొదటి వారం అక్కడే మొదలైంది. ఆదివారంతో వారం మొదలయ్యే లొకేల్ (ప్రాంతపు సెట్టింగ్) అయితే డిసెంబర్ 29 నుంచే 2025 అని వస్తుంది. ఏడాదంతా బాగుండి చివరి రెండు మూడు రోజులే చెడుతుంది కాబట్టి టెస్టుల్లో దొరకదు. కొన్నేళ్లు ఆ తేడా అసలు కనిపించదు కూడా. చిన్న వై పెట్టమనండి.

పైథాన్ నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ సులువుగా పడతారు, ఎందుకంటే అక్కడ పెద్ద వై మామూలు ఏడాదే. పైథాన్‌లో ఐఎస్ఓ వారపు ఏడాదికి పెద్ద జీ. మిగతా అక్షరాలు కూడా తిరగబడే ఉన్నాయి: జావాలో పెద్ద ఎం నెల, చిన్న ఎం నిమిషం. పెద్ద డీ పెడితే ఏడాదిలో ఎన్నో రోజో వస్తుంది. జనవరిలో అది కూడా సరిగ్గానే కనిపిస్తుంది మరి.

ఆ కోడ్ సింపుల్‌డేట్‌ఫార్మాట్ అయితే ఈ సందులో మార్పించేయండి. ఒక వస్తువుని చాలా థ్రెడ్లు (ఒకేసారి నడిచే పనులు) పంచుకుంటే తేదీలు ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోతాయి. పైగా అది మెతక మనిషి: 31/02/2024 ఇస్తే తిట్టకుండా మార్చి 2 చేస్తుంది. జావా 8 నుంచి ఉన్న డేట్‌టైమ్‌ఫార్మాటర్ థ్రెడ్లకి భయపడదు. కానీ అది కూడా మామూలు స్మార్ట్ పద్ధతిలో ఫిబ్రవరి 31ని నెల చివరి రోజుకి, అంటే 29కి, సర్దేస్తుంది. నిజంగా తిరస్కరించాలంటే రిజాల్వర్‌స్టైల్ స్ట్రిక్ట్ పెట్టాలి. అప్పుడు ఏడాదికి చిన్న వై పనిచేయదు, చిన్న యూ నాలుగు రాయాలి. చిన్న వై శకంతో (క్రీ.పూ. లేదా క్రీ.శ.) కలిసే ఏడాది కాబట్టి స్ట్రిక్ట్‌లో శకం కూడా అడుగుతుంది.

వెబ్ పేజీది: జావాస్క్రిప్ట్ డేట్‌కి 2024-04-03 అని సమయం లేకుండా ఇస్తే యూటీసీ అర్ధరాత్రిగా తీసుకుంటుంది. న్యూయార్క్‌లో కూర్చున్నవాళ్లకి అది ఏప్రిల్ 2 రాత్రి 8 గంటలు. వెనకాల సమయం చేర్చి, జెడ్ లేకుండా ఇస్తే స్థానిక సమయంగా తీసుకుంటుంది. ఒకే ఫంక్షన్, రెండు నియమాలు. ఉత్త తేదీ చూపించడానికైతే డేట్ వస్తువే చేయకండి, స్ట్రింగ్‌ని హైఫన్ల దగ్గర కోసి మూడు అంకెలు తీసుకోండి. వాటితో డేట్ కట్టాల్సి వస్తే నెలలో ఒకటి తీసేయాలి, అక్కడ ఏప్రిల్ అంటే 3. రెండు డేట్ వస్తువులను మూడు సమానం గుర్తులతో పోలిస్తే క్షణం ఒకటే అయినా ఫాల్సే, అది వస్తువులను పోలుస్తుంది. గెట్‌టైమ్ తీసి పోల్చండి.

---

నల్లబల్ల

ఐదోది మిగిలింది కదా. మీ క్వెరీలో బిట్వీన్ 2024-04-01 అండ్ 2024-04-30 అని ఉందా? కాలమ్‌లో సమయం కూడా ఉంటే ఆ చివరి తేదీ ఏప్రిల్ 30 అర్ధరాత్రి 00:00 అవుతుంది. ఆ తర్వాతి 24 గంటలూ బయటే. 23:59:59 చేర్చడం చాలామంది చేసే అతుకు, దాంతో చివరి సెకనులోని మిల్లీసెకన్లు పోతాయి. మొదలు కన్నా పెద్దది లేదా సమానం, తర్వాతి నెల మొదలు కన్నా చిన్నది, ఇలా రాయండి. నెలకి 30 రోజులా 31 రోజులా అన్న లెక్కే అక్కర్లేదు.

మీరిప్పుడు యూటీసీలో దాస్తున్నారు కాబట్టి హద్దులు కూడా మార్చాలి. న్యూయార్క్ ఏప్రిల్ యూటీసీలో ఏప్రిల్ 1, 04:00కి మొదలై మే 1, 04:00కి ముగుస్తుంది. 2024 మార్చి అయితే 05:00కి మొదలై ఏప్రిల్ 1, 04:00కి ముగుస్తుంది. వేసవి టైమ్ మొదలై ఒక గంట పోతుంది కాబట్టి ఆ నెలలో 744 కాదు, 743 గంటలే. హద్దులని చేత్తో రాయకుండా స్థానిక 1వ తేదీ అర్ధరాత్రి కట్టి, జోన్ అంటించి, యూటీసీకి మార్చండి.

---

సున్నాతోమొదలు

అరక్షణం గారు చెప్పినదాంట్లో రెండు సవరణలు.

ఒకటి, "అన్నీ యూటీసీలో దాచండి" అన్నది జరిగిపోయినవాటికి సరే. ఈ లాగులకి అదే సరైనది. కానీ వచ్చే ఏడాది ఫలానా ఊళ్లో ఉదయం 9కి సమావేశం అన్నదాన్ని యూటీసీకి మార్చి దాస్తే, ఈలోగా ఆ ప్రభుత్వం జోన్ నియమాలు మారిస్తే సమావేశం 8కో 10కో జరుగుతుంది. అలాంటివాటికి స్థానిక సమయం, జోన్ పేరు రెండూ వేరుగా దాచాలి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో జోన్‌తో కూడిన టైమ్‌స్టాంప్ వాడినా ఆ పేరు అక్కడ మిగలదు, లోపల యూటీసీకి మార్చేసుకుంటుంది. పుట్టినరోజులకైతే సమయమూ వద్దు, జోనూ వద్దు, ఉత్త డేట్ చాలు.

రెండు, ఇది ఈ చర్చలో ఎవరూ ఎత్తలేదు. పైథాన్‌లో రెండు అవేర్ విలువలకి ఒకే జోన్ వస్తువు ఉంటే, తీసివేతలో జోన్‌ని పట్టించుకోదు, గోడ గడియారాల తేడా ఇస్తుంది. న్యూయార్క్‌లో 2024 మార్చి 9 మధ్యాహ్నం 12 నుంచి మార్చి 10 మధ్యాహ్నం 12కి పైథాన్ 24 గంటలు అంటుంది. మధ్యలో వేసవి టైమ్ కోసం గడియారం గంట ముందుకు జరిగింది కాబట్టి నిజంగా గడిచింది 23. రెండింటినీ యూటీసీకి మార్చి తీసేస్తే 23 వస్తుంది. కాబట్టి మార్చడం పార్స్ అయిన వెంటనే చేయాలి, పోల్చే ముందెప్పుడో కాదు.

వేసవి టైమ్ ముగిసి గడియారం గంట వెనక్కి జరిగింది కాబట్టి 2024 నవంబర్ 3 తెల్లవారుజాము 1:30 న్యూయార్క్‌లో రెండుసార్లు వచ్చింది. అందులో ఏదో చెప్పడానికి పైథాన్‌లో ఫోల్డ్ అనే గుర్తు ఉంది. ఫోల్డ్ 0 అయితే మొదటిది, యూటీసీ 05:30. ఫోల్డ్ 1 అయితే రెండోది, 06:30. జోన్ రాయని మీ మొదటి ఫైల్లో ఆ గంటలోని వరుసలు ఏవో తేల్చే సమాచారమే లేదు. ఫైల్ కాలక్రమంలో రాసి ఉంటే, సమయం 1:59 నుంచి 1:00కి వెనక్కి దూకిన చోటు పట్టుకుని అక్కడి నుంచి ఫోల్డ్ 1 ఇవ్వొచ్చు. లేకపోతే ఆ గంట వరుసలకి అనుమానం గుర్తు పెట్టి వదిలేయండి.

తేడాని సెకన్లలో తీసుకునేటప్పుడు సెకండ్స్ కాదు, టోటల్_సెకండ్స్. మొదటిది రోజులు పోగా మిగిలిన భాగం మాత్రమే. మైనస్ ఒక గంట తేడాకి అది 82800 చూపిస్తుంది.

---

తోకచుక్క

మార్చి 10, నవంబర్ 3 రెండూ నా డేటాలో ఉన్నాయి. వెనక్కి దూకిన చోటు ఒక్కటే ఉంది, పట్టుకున్నాను. వరుస ఇప్పుడు సరిపోతోంది.

చివరిగా ఒకటి. రోజువారీ ఫైళ్లకి పేరులో ఈ సమయం పెట్టాలి. ఐఎస్ఓ స్ట్రింగ్ పెడితే పేర్ల వరుసే కాలక్రమం అవుతుందా?

---

కుడిబ్రాకెట్

అవుతుంది, రెండు షరతులతో. సున్నాలు వదలకూడదు: 2024-4-3 అని రాస్తే అది 2024-04-10 తర్వాత నిలబడుతుంది, ఎందుకంటే పోలిక అక్షరం అక్షరం, అక్కడ 4 కన్నా 0 చిన్నది. రెండోది, అన్నీ ఒకే ఆఫ్‌సెట్‌లో (యూటీసీకి ఉన్న తేడా) ఉండాలి. మైనస్ 04:00తో రాసిన ఏప్రిల్ 3, 23:30 నిజానికి యూటీసీ ఏప్రిల్ 4, 03:30. అయినా పేర్ల వరుసలో అది యూటీసీ ఏప్రిల్ 4, 01:00 కన్నా ముందు నిలబడుతుంది.

కోలన్ విండోస్ ఫైల్ పేర్లలో ఒప్పుకోదు. హైఫన్లు, కోలన్లు రెండూ తీసేసిన ఐఎస్ఓ కుదింపు రూపం వాడండి: 20240403, టీ, 194000, జెడ్. మీ 3.11లో ఫ్రమ్‌ఐఎస్ఓఫార్మాట్ దాన్ని కూడా నేరుగా చదువుతుంది.